పై వీధి నీళ్ళు

ఆ వేసవిలో మా ఊరికి వచ్చినంతమంది అంతకు ముందెప్పుడూ రాలేదు. కింద మైదానంలో ఎండలు మండిపోతున్నాయట. బస్సు దిగినవాళ్ళు దిగినట్టే చేతులు చాపి, "అబ్బ, ఎంత చల్లగా ఉందో!" అనేవాళ్ళు. నిజమే, గాలి చల్లగానే ఉండేది. నీళ్ళే లేవు.

మా ఇల్లు కొండ మీద, పై వీధిలో. కింద మేముంటాం, మేడ మీద మూడు గదులు అద్దెకిస్తాం. గదుల వ్యవహారమంతా మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆ గదులే వాడికి పెళ్ళాం పిల్లలూ అని అత్తయ్య విసుక్కునేది. మా ఆయన జీపు నడుపుతాడు. టూరిస్టులని గుహల దగ్గరికీ, కొండ కొమ్ము మీదికీ తిప్పి తీసుకొస్తాడు. ఇక మిగిలిన పని, అంటే దుప్పట్లూ, బాత్‌రూములూ, టీలూ టిఫిన్లూ, "వేణ్ణీళ్ళు ఇంకా రాలేదేం?" అనే కేకలూ, అవన్నీ నావీ అత్తయ్యవీ.

ఊరంతటికీ ఆధారం ఒకటే ఊట. కొండ చీలికలోంచి కారి రాతి తొట్టిలో పడుతుంది. తొట్టి నిండి పొర్లిన నీళ్ళు గొట్టం గుండా కింద వీధి కుళాయికి పోతాయి. గదుల వ్యాపారం అందుకున్నాక పై వీధి వాళ్ళం ఇంటికొక మోటారు పెట్టుకుని, తొట్టిలోంచే మా ట్యాంకుల్లోకి తోడుకోవడం మొదలుపెట్టాం. వానలు బాగున్నంతకాలం ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. తొట్టి పొర్లడం మానేసింది. కింద వీధి కుళాయి ముక్కు చీదినట్టు ఒక్కో చుక్కా రాల్చేది.

ఆ కింద వీధిలోనే మా పుట్టిల్లు. మా అమ్మ ఒక్కతే ఉంటుంది, బట్టలు కుడుతుంది. నేను పెళ్ళయి పైకి వచ్చానే గానీ దూరం ఎంతని? మేడ మీద దుప్పట్లు ఆరేస్తుంటే మా అమ్మ వాకిలి కనిపిస్తుంది. మోటారు స్విచ్చి మా వంటింటి గోడకే ఉంది. తెల్లారగానే అత్తయ్య దాన్ని వేసేది. ఆ చప్పుడు మొదలవగానే నేను ఏదో ఒక పని పెట్టుకుని పెరటివైపు వెళ్ళిపోయేదాన్ని.

నర్సమ్మగారు దిగింది ఆ రోజుల్లోనే. ఎక్కడో పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిందట. వీపున ఒక సంచీ, కాళ్ళకి బూట్లు.

"ఒక్కరేనాండీ?" అన్నాడు బావగారు అనుమానంగా.

"ఇన్నేళ్ళూ వార్డు నిండా జనంతోనే బతికాను నాయనా. ఇప్పుడైనా కాస్త ఒక్కదాన్నే ఉండనీ" అందావిడ. సీజనంతా ఉంటాననేసరికి బావగారి అనుమానం ఎటు పోయిందో పోయింది.

మంచి మనిషి. అందులో మాటే లేదు. కానీ మంచివాళ్ళతో కూడా పని పెరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. వెళ్ళినచోట మనం ఎవరికీ బరువు కాకూడదనేది ఆవిడ పట్టుదల. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు కొనను అంది. బాగానే ఉంది, ఆవిడ కోసం నీళ్ళు కాచి, చల్లార్చి, వడగట్టి మేడ మీదికి మోసేది నేను. హోటల్లో తినను, మీరేం తింటే అదే తింటాను అంది. మేం తినేది తెచ్చి ఆవిడ ముందు పెట్టాలంటే మాకు మొహమాటం. దాంతో ఆవిడ ఉన్నన్నాళ్ళూ మేమే కాస్త మంచిగా వండుకోవలసి వచ్చింది. నా చేత చాకిరీ చేయించుకోవడం ఇష్టంలేక ఒకనాడు తన దుప్పటి తనే ఉతుక్కుంది. కుళాయి బార్లా తిప్పి వదిలేసి, జాడించినదాన్నే మళ్ళీ జాడించి. అలవాటు లేని చెయ్యి. ఆ నీళ్ళతో నేనైతే మూడు గదుల దుప్పట్లూ లాగించేసేదాన్ని.

"నీకొక పని తగ్గించాను చూడు" అంది తడిచేతులు చీరకి తుడుచుకుంటూ.

"అవునండీ" అన్నాను. ఇంకేమంటాను? వేణ్ణీళ్ళ బకెట్లతో మెట్లెక్కి దిగి అప్పటికే నా నడుం నాది కాకుండా పోయింది. ఎవరైనా మాట్లాడకుండా ఊరుకుంటే చాలనిపించేది.

ఆవిడ ఊరుకునే రకం కాదు. "అమ్మాయ్, ఈ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?" "ట్యాంకులోంచండీ." "ట్యాంకులోకి?" "ఊటలోంచండీ." "ఊటలోంచి ఇంకా ఎవరికి పోతాయి?" డాక్టరు పక్కన నిలబడి రోగిని అడిగినట్టు అడిగేది. ఒకరోజు మా అమ్మకి కూర పట్టుకెళుతుంటే, "నేనూ వస్తాను, పద" అని బూట్లు తొడుక్కుంది. వద్దనడానికి నోరు రాలేదు.

కింద వీధి కుళాయి దగ్గర బిందెలు బారులు తీరి ఉన్నాయి. బిందె లేని చోట ఒక రాయో, తెగిన చెప్పో మనిషికి బదులుగా కూర్చుంది. మా అమ్మ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుట్టుకుంటోంది. నర్సమ్మగారిని ఎగాదిగా చూసింది.

"మీ మేడ మీద దిగినావిడేనా?" అంది నాతో.

"నేనేనండీ" అంది నర్సమ్మగారు తనే. "ఇంతమంది కూర్చున్నారే, నీళ్ళు ఎన్నింటికి వస్తాయి?"

"మీ స్నానాలయ్యాక" అంది అమ్మ, దారం పళ్ళతో తెంపుతూ.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అమ్మ మాటలో కోపం లేదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో అడిగితే చెప్పింది, అంతే. నర్సమ్మగారి ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. తిరిగి పైకి ఎక్కేటప్పుడు దారి పొడుగునా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సాయంత్రం టీ తీసుకుని గదికి వెళితే సంచీ సర్దుకుంటోంది.

"రేపు వెళ్ళిపోతున్నానమ్మా."

"ఏంటండీ? గది బాగాలేదా?"

"గది బాగానే ఉంది. నేనిక్కడ రెండు పూటలా స్నానం చేస్తుంటే మీ అమ్మగారికి తాగడానికి లేవు. తెలిశాక ఇంకా ఎలా ఉంటాను?"

ఎందుకొచ్చిందో గానీ నాకు ఒళ్ళు మండింది. నెలల తరబడి ఎవరి మీదా చూపించలేని విసుగంతా ఆవిడ మీదికి దూకింది.

"మీరు వెళ్ళిపోతే ఈ గది ఖాళీగా ఉంటుందనుకుంటున్నారా? పొద్దున మీరు దిగితే మధ్యాహ్నానికి ఇంకొకరు ఎక్కుతారు. వాళ్ళకి ఊటా తెలీదు, మా అమ్మా తెలీదు. వెళితే మీ మనసు తేలికపడుతుంది. మాకేం ఒరుగుతుందండీ? ఆ గదుల మీదే కదా మా కూడు!"

అద్దెకున్న మనిషితో అలా మాట్లాడటం అదే మొదలు. ఆవిడ మాత్రం కోప్పడలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది.

"మరి ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఆ ఇంట్లో ఆ మాట నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. జవాబు మాత్రం వెతుక్కోనక్కరలేకపోయింది.

"రెండు బకెట్లు. స్నానానికొకటి, మిగతా అన్నిటికీ ఒకటి. కుళాయి తిప్పొద్దు. దుప్పటి నాకిచ్చెయ్యండి, మీరు ఉతకొద్దు."

"అంతేనా?"

"అంతే. కానీ రోజూ."

"రోజూ" అంది, మందు చీటీ వినిపించుకున్నట్టు తల ఊపుతూ. ఆ రోజునించి ఆవిడ కుళాయి తిప్పలేదు. ఒక్కోరోజు అర బకెట్టు మిగిల్చి, "ఇది మొక్కకి పోస్తావా, దాచిపెడతావా?" అని అడిగేది.

ఒక్క గదిలో బకెట్లు పెడితే ఊట నిండదు కదా. పక్క గదిలో దిగిన సంసారం షవరు తిప్పి వదిలేసేది. ఒళ్ళంతా సబ్బు రాసుకునేదాకా అవి అలా పోవలసిందే. నర్సమ్మగారు ఊరుకోక వరండాలో ఆ గదిలోని ఆయనకి సంగతి చెప్పబోయింది. ఆయన తిన్నగా బావగారి దగ్గరికి దిగాడు. "మేం డబ్బిచ్చి వచ్చాం. పాఠాలు చెప్పించుకోడానికి కాదు."

ఆ మధ్యాహ్నం బావగారు నన్ను వంటింటి గుమ్మంలో నిలదీశాడు. "ఆవిడకి ఈ బకెట్ల గోల నేర్పిందెవరు? నువ్వేనా?"

నేను గిన్నె తోముతూనే ఉన్నాను.

"చూడమ్మా, నాకూ కళ్ళున్నాయి. కింద వీధి నాకు కనబడట్లేదనుకోకు. ఈ సీజను పోతే ఏడాదంతా ఏం తింటాం? నేను బస్టాండులో జనం పెట్టెలు మోసి వీణ్ణి చదివించాను. మళ్ళీ నన్ను పెట్టెలు మొయ్యమంటావా?"

'వీణ్ణి' అన్నది మా ఆయన్ని. మా ఆయన అరుగు మీద జీపు సీటు గుడ్డకి మాసిక వేసుకుంటూ తల ఎత్తలేదు. నోట్లో నాలుక లేని మనిషి. బావగారిని చూస్తే నాకు జాలేసింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏదీ లేదు. అత్తయ్య ఒక మూల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

తర్వాత కొన్నాళ్ళకి కుళాయి దాదాపుగా ఎండిపోయింది. కింద వీధి ఆడవాళ్ళు కడవలు పట్టుకుని లోయలోని వాగుకి దిగడం మొదలుపెట్టారు. మా అమ్మని వద్దన్నాను. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఒక బిందె పట్టుకొస్తానన్నాను. "ఎవరూ చూడకుండా తెచ్చే నీళ్ళు నాకెందుకే? దొంగసొమ్మా అవి?" అంది.

ఒక పొద్దున్న నేను మేడ మీద పరుపులు దులుపుతుంటే కింద వీధినించి ఒకామె రొప్పుకుంటూ వచ్చింది. "మీ అమ్మ జారిపడిందే! వాగు దారిలో!" నేను చీపురు ఎక్కడ పడేశానో కూడా గుర్తు లేదు. నేను మెట్లు దిగేసరికే నర్సమ్మగారు బూట్లు లేకుండా నాకంటే ముందు పరిగెడుతోంది.

అమ్మ దారి పక్కన రాయికి ఆనుకుని కూర్చుంది. కుడి చెయ్యి మోచేతి కింద వంకరగా ఉంది. కడవ దొర్లి కింద ఎక్కడో చిక్కుకుంది. అమ్మ చెయ్యికేసి చూసుకోవడం లేదు, తడిసిన మట్టికేసి చూస్తోంది. "అంతా పోయాయి" అంది నాతో. నర్సమ్మగారు రెండు పుల్లలు వెతికి, నా చీర అంచు చింపి కట్టు కట్టింది. "నొప్పెడితే అరవండి, పర్వాలేదు" అంటే అమ్మ, "కుడిచెయ్యమ్మా. కత్తెర పట్టే చెయ్యి" అంది. అరవలేదు.

ఇద్దరం పట్టుకుని రోడ్డు మీదికి ఎక్కించేసరికి మా ఆయన జీపు నిండా టూరిస్టులతో గుహలకి బయల్దేరుతున్నాడు. మా అమ్మని చూశాడు. బండి ఆపి దిగి వెనక తలుపు తీశాడు.

"దిగండి" అన్నాడు.

"అదేంటి? మేం ముందే బుక్ చేసుకున్నాం" అన్నాడొకతను.

"అవునండీ. దిగండి."

ఆయన గొంతు పెంచలేదు. అయినా జనం ఒకరి వెనక ఒకరు దిగిపోయారు. ఒకామె తన శాలువా తీసి అమ్మ భుజాల మీద కప్పింది. బుక్ చేసుకున్నానన్నతను మాత్రం బావగారికి ఫోను చేస్తూ రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేశారు. వచ్చేటప్పుడు, "మా ఇంటికి వచ్చెయ్యమ్మా, చెయ్యి కుదిరేదాకా" అన్నాను.

"మీ ఇంట్లో చోటెక్కడిదే? గదులన్నీ వచ్చేవాళ్ళకి కావాలి కదా" అంది. ఎత్తిపొడుపూ కాదు, అలకా కాదు. నేను చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ రోజు సాయంత్రం దాకా రెండిళ్ళ మధ్యా తిరిగాను. అక్కడ అమ్మకి అన్నం కలిపి పెట్టడం, ఇక్కడ మేడ మీద టీలు. పడుకున్నాక కూడా కాళ్ళు నడుస్తూనే ఉన్నట్టు పీకాయి.

మర్నాడు తెల్లవారింది గానీ మోటారు చప్పుడు వినబడలేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను. వంటింట్లో లైటు వెలుగుతోంది. స్విచ్చి వెయ్యలేదు, అత్తయ్య లేదు. గట్టు మీద ఉండే రెండు బిందెలూ లేవు.

మేడెక్కి చూస్తే కింద వీధి కుళాయి దగ్గర, బారుకి చివర, అత్తయ్య నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులని గుమ్మం దిగడమే మానేసిన మనిషి. నేను దిగివెళ్ళేసరికి మా అమ్మ కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తన వాకిట్లోంచి ఆవిణ్ణే చూస్తోంది.

"ఏంటి వదినగారూ, మీరొచ్చారు?"

"నీళ్ళకండీ వదినగారూ."

"మీకు మోటారుందిగా?"

"ఉంది" అంది అత్తయ్య. తన బిందెలు కాస్త వెనక్కి జరిపి, "మీ కడవేదీ? ఇలా పెట్టండి, నా ముందు" అంది.

అమ్మ ఎడమచేత్తో కడవని జరిపింది. అత్తయ్య దాన్ని వరసలో తన బిందెలకి ముందు నిలబెట్టింది. తర్వాత ఇద్దరూ ఎండ గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి బావగారు స్విచ్చి దగ్గర నిలబడి ఉన్నాడు.

"వెయ్యకురా" అంది అత్తయ్య.

"గదులు నిండి ఉన్నాయమ్మా!"

"అందుకే వెయ్యకంటున్నా."

"వాళ్ళకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తా" అని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. ఒక్కో తలుపూ తట్టింది. "నాయనా, నీళ్ళు లేవు. గదికి రెండు బకెట్లు. ఉండేవాళ్ళు ఉండండి, కుదరనివాళ్ళు ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకుని వెళ్ళండి, ఏమీ అనుకోం." షవరు సంసారం ఆ పూటే ఖాళీ చేసింది. మూడో గదిలోని కొత్త జంట ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వి, సరేనన్నారు. నర్సమ్మగారు తలుపు తీసి, "నాకెప్పుడో చెప్పారండీ" అంది.

బావగారు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మూడు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత బస్టాండు దగ్గర పెద్ద లాడ్జిలో మేనేజరుగా కుదిరానని చెప్పాడు. వాళ్ళకి కిందనుంచి ట్యాంకర్లు వస్తాయి. అత్తయ్య ఏడవలేదు, ఆపలేదు. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి సంచీలో సర్దింది. "టిఫిన్ చేసి పో" అంది. తినే పోయాడు. ఇప్పటికీ వస్తాడు, నిలబడి టీ తాగి, మేడ మీదికి ఒకసారి చూసి వెళ్ళిపోతాడు.

మా ఒక్క మోటారు ఆగితే ఊట పొంగిందని చెప్పను. నర్సమ్మగారూ, కట్టు చెయ్యి మెడకి వేలాడేసుకున్న మా అమ్మా పై వీధిలో ప్రతి గుమ్మమూ ఎక్కారు. చాలామంది తలుపు తియ్యలేదు. తీసినవాళ్ళలో కొందరు, కింద వీధి వాళ్ళు పట్టుకున్నాకే మోటారు వేస్తామన్నారు. వాళ్ళలో కొందరు మాట నిలబెట్టుకున్నారు. కుళాయి కాస్త లావుగా కారింది. వాగుకి వెళ్ళడం తగ్గింది. అంతే. మా గదులు ఒక రోజు నిండితే రెండు రోజులు ఖాళీ. బావగారు చూసుకునే పనంతా నా నెత్తిన పడింది. నీళ్ళూ నేనే మోసేదాన్ని. మంచి పని చేశామని ఎవరో అంటే విని ఊరుకునేదాన్ని. సంతోషించడానికి కూడా ఓపిక కావాలి.

మబ్బులు పట్టడం మొదలయ్యాక నర్సమ్మగారు బయల్దేరింది. బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"నేనిక్కడికి వచ్చి మీకు మేలు చేశానో కీడు చేశానో తెలియడం లేదమ్మా. మీ ఇల్లు రెండయిందే."

"నాకూ తెలియడం లేదండీ" అన్నాను.

ఆవిడ నవ్వింది. మర్యాదకి ఏదో అంటాననుకుని ఉంటుంది. "వచ్చే ఏడు రమ్మంటావా?"

"రండి. ముందు వానలు పడనీ."

ఇంటికి వచ్చి ఆవిడ గది ఊడ్చాను. దుప్పటి తీద్దామని మంచం దగ్గరికి వెళ్ళాను. ఒక్క ముడత కూడా లేకుండా సర్ది వెళ్ళింది. మిగిలిన రెండు గదుల వాళ్ళూ బయటికి పోయారు, మేడ మీద చప్పుడు లేదు. కాస్సేపు కూర్చుందామని కూర్చున్నాను. ఆ మంచాల మీద ఎన్ని వందలసార్లు దుప్పట్లు పరిచానో గానీ ఒక్కసారీ నడుం వాల్చలేదు. ఎప్పుడు పడుకున్నానో తెలీదు.

మగతలోనే కింద ఎవరో మగమనిషి గొంతు వినబడింది. గది కావాలంటున్నాడు, రెండు బకెట్లయినా సరేనంటున్నాడు. మెట్ల మీద అత్తయ్య అడుగులు, ఒక్కొక్కటే. తలుపు తెరుచుకుంది. లేవాలి అనుకున్నాను, రెప్పలు లేవలేదు. కాసేపు గుమ్మంలో నిలబడ్డట్టుంది. తర్వాత తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి పడింది. అడుగులు కిందికి దిగాయి.

"ఖాళీ లేదు నాయనా."

"మూడూ నిండాయా అండీ? ఇందాక ఒకటి ఉందన్నారే?"

"ఉందనుకున్నా. మనిషి పడుకునుంది" అంది అత్తయ్య. "రేపు రా."

లేచి కిందికి వెళ్ళాలి, చేతికొచ్చిన బేరం. అటు తిరిగి పడుకున్నాను.